కోల్డ్ స్టోరేజీలో నేను తిరిగి ఇవ్వని చోటు

మొన్న చుట్టాల పెళ్లికని గగన్‌పహాడ్ దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లి, భోజనాలయ్యాక కాస్త గాలికని రోడ్డు మీదికి వస్తే ఎదురుగా ఒక రేకుల షెడ్డు కనిపించింది. ఇప్పుడందులో లారీ టైర్లు అమ్ముతున్నారు గానీ, ఒకప్పుడు ఆ రేకుల కిందే కూర్చుని నేను అయిదేళ్లు సి భాషలో ప్రోగ్రాములు రాశాను. అక్కడే నిలబడిపోయిన నన్ను చూసి పక్కనున్న పిల్లలు ఏం చూస్తున్నావని అడిగితే, ఆ టైర్ల వెనక గోడకు నా కుర్చీ ఉండేదని చెప్పి నవ్వేశాను. మిగతా కథ మన ఈడువాళ్లకైతేనే చెప్పబుద్ధి అవుతుంది.

నేను ఆ పనిలోకి వచ్చింది ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో. అంతకుముందు శంషాబాద్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఎప్పుడో చదివిన ఎలక్ట్రానిక్స్ డిగ్రీ పెట్టెలో పడి ఉంటే, రెండు వేసవి సెలవులు మెహదీపట్నం దాకా బస్సులో వెళ్లి సి నేర్చుకున్నాను. ఎయిర్‌పోర్టు మొదలైన కొత్త అది, చుట్టుపక్కల ఎక్కడ చూసినా గోదాములు లేస్తున్న కాలం. మా చిన్నమ్మ కొడుకు, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, ఆ షెడ్డులో ఒక చిన్న కంపెనీ పెట్టాడు. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చలి ఎంతుందో నిమిషనిమిషానికీ చూసి, వైరు మీదుగా ఆఫీసు గదిలో, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచే మరో పెట్టెకు పంపే చిన్న చిన్న పెట్టెలు మేం తయారుచేసేవాళ్లం. గదుల నుంచి వచ్చే ఆ కబుర్లన్నీ అందుకుని, తెర మీద అంకెలుగా చూపి, రాసిపెట్టే ప్రోగ్రాము నాది. బాగా రాశాను. ఇప్పటికీ అదే అంటాను, ఒక్క చోట తప్ప బాగానే రాశాను.

ఆ ఒక్క చోటు ఏమిటో చెప్పాలంటే సి భాష స్వభావం కొంచెం చెప్పాలి. అందులో మెమరీ మనమే అడిగి తీసుకోవాలి, పని అయ్యాక మనమే తిరిగి ఇచ్చేయాలి; మరిచిపోతే అడిగేవాళ్లుండరు. ఒక గది పెట్టె ఆఫీసు పెట్టెతో మాట కలిపిందంటే, ఆ కనెక్షన్ వివరాలు పెట్టుకోవడానికి మొదట ఒక చోటు తీసుకునేదాన్ని. వచ్చే కబురు నిలవ ఉండటానికి ఇంకో చోటు తీసుకుని, దాని చిరునామా మొదటి చోటులో రాసుకునేదాన్ని. మాట ముగిశాక ముందు రెండోది, తర్వాత మొదటిది తిరిగి ఇవ్వాలి. మొదటిదాన్ని ముందే ఇచ్చేశామా, దానితోపాటే రెండోదాని చిరునామా కూడా పోతుంది; ఆ చోటు ఇక మనకు పనికి రాదు, ఇంకొకరికీ దక్కదు. మా పెట్టె అరచేయంతది, మెమరీ పిసరంత. కాబట్టి ప్రతి బైటూ లెక్కేసి వాడుకునేదాన్ని, ఆ పొదుపు చూసుకుని నాలో నేనే మురిసిపోయేదాన్ని కూడా.

మాది మామిడిపల్లిలో ఉమ్మడి కుటుంబం. మా బావ, అంటే మా ఆయన అన్న, ఎయిర్‌పోర్టుకు పొలం పోయాక ఒక గోదాములో కోల్డ్ స్టోరేజీ చూసుకునే పనిలో చేరాడు. ఆ గోదాములో పెట్టింది కూడా మా కంపెనీ పెట్టెలే. కానీ మా ఇంట్లో తమ్ముడి భార్య బావ ఎదుట కూర్చుని మాట్లాడే అలవాటు లేదు. ఏమైనా ఉంటే మా అత్త చెవిన వేస్తే ఆమె చెప్పేది. అందుకే నేను రాసిన అంకెలను ఆయన రోజూ చూస్తున్నాడని తెలిసినా, ఆ రెండేళ్లలో దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు మేం.

ఎండలు ముదిరిన ఒకరోజు ఆ గోదాము మేనేజరు నుంచి మాకు మెయిల్ వచ్చింది. మూడో నంబరు గదిలో పిల్లల టీకాల డబ్బాలున్నాయని, లారీ వచ్చాక అక్కడి ఆపరేటరు, గది వేడెక్కింది, సరుకు ఎక్కించనని అడ్డం తిరిగాడని, గది గోడకు వేలాడే గాజు థర్మామీటరు పదిహేను డిగ్రీలు చూపుతున్నా అది అతను తలుపు తెరిచి పెట్టడం వల్లేనని తమకు అనుమానంగా ఉందని, మీ పెట్టె ఏం చెబుతోందో రాసి పంపమని అడిగారు. రికార్డు తెప్పించి చూశాను. తెల్లవారుజామున అయిదింటి నుంచి పదింటి దాకా నాలుగు పాయింట్ రెండు డిగ్రీలు. పిసరు కూడా కదల్లేదు. మా యంత్రంలో దోషం లేదు, గదిలో చలి ఒక్క తీరుగా ఉంది అని రాసి, కింద నా పేరు పెట్టి పంపేశాను. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు; ఆ ఆపరేటరు ఎవరో అడగనేలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్తే అత్త మొహం వాడిపోయి ఉంది. బావను రేపటి నుంచి డ్యూటీకి రావద్దన్నారట. ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వెళ్లి, పెళ్లయిన పదిహేనేళ్లలో మొదటిసారి ఆయన పక్కన కూర్చున్నాను.

“మిషన్ మంచిగనే ఉందని రాసింది నేనే, బావా.”

ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. “ఎర్కే. మేనేజరు కాయిదం చూపెట్టిండు. కింద నీ పేరున్నది.”

ఆ పేరు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆయన. తనే మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున వెళ్లేసరికి మూడో గది కంప్రెసరు చప్పుడే లేదట. తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చాక అది మళ్లీ లేవలేదని, తానే దాన్ని నడిపించానని, అయినా అప్పటికే పాడైన సరుకు పిల్లలకు ఎట్లా పోనిస్తానని అన్నాడు.

“నాకు కంప్యూటర్ ఎర్క లేదమ్మా. చలి గది ఎర్కే. తలుపు తీసినా, మూసినా అంకె జర కదుల్తది. అయిదు గంటలు ఒక్క తీరుగ ఎట్లుంటది?”

ఆ మాట నా గుండెలో దిగింది. పదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, అయిదు గంటలు కదలని అంకెను చూసి అనుమానపడకపోగా గర్వపడ్డాను. ఇట్లా ఎప్పుడైనా అయిందా అని అడిగితే, అంకె ఆగిపోవడం ఇది రెండోసారని, కరెంటు ఎక్కువసార్లు పోయిన రోజుల్లోనే ఆగుతుందని, బంద్ చేసి మళ్లీ పెడితే బాగవుతుందని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, బల్ల మీద అయిదు గది పెట్టెలు వరుసగా పెట్టి, కరెంటు పోయినట్టే వాటి ప్లగ్గులు పీకడం, పెట్టడం మొదలుపెట్టాను. పీకిన ప్రతిసారీ, కబుర్లు అందుకునే పెట్టెలో ఎంత మెమరీ మిగిలిందో తెర మీద చూపించుకున్నాను. పీకినకొద్దీ తగ్గుతోంది, పెరగడం లేదు. మధ్యాహ్నానికి దొరికింది. సక్రమంగా ముగిసిన కనెక్షనుకు రెండు చోట్లూ వరుసగా తిరిగి ఇస్తున్నాను. ఉన్నట్టుండి తెగిపోయిన కనెక్షనుకు వేరేగా రాసిన నాలుగు వరుసల్లో మాత్రం మొదటిదాన్నే ఇచ్చి ఊరుకున్నాను. అట్లా ఒక్కొక్కటే పోయి చివరికి మెమరీ నిండుకునేది. అప్పుడు గది పెట్టె మళ్లీ పలకరిస్తే, చోటు లేదు కాబట్టి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేయమని కూడా నేనే రాశాను. తెర మీద పాత అంకె అట్లాగే ఉండిపోయేది. రికార్డులోకీ అదే ఎక్కేది.

కంపెనీ పెట్టిన మా చిన్నమ్మ కొడుక్కి, తమ్ముడికి, చూపించాను. వచ్చే వర్షన్‌లో సరిచేసి పెడదామని, ఇప్పుడు బయటపెడితే మన పెట్టెలు ఎవరూ కొనరని నెమ్మదిగా అన్నాడు. వాడి భయం అబద్ధం కాదు. ఆ షెడ్డు మీద పదకొండు మంది బతుకుతున్నారు.

“ఆ డబ్బాలల్ల పిల్లల మందులున్నయి. నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత,” అన్నాను.

వాడు బండి తాళాలు తీసుకుని లేచాడు.

మేనేజరు అంతా విన్నాడు. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. బావ మొండికేయబట్టి లారీ ఖాళీగా వెళ్లిపోయింది, టీకాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని మా ముందే పక్కకు తీయించాడు. మా పెట్టెలు మాత్రం ఆ సాయంత్రమే విప్పించేశాడు. మిగిలిన నాలుగు గోదాములకూ మేమే వెళ్లి చెప్పాం. ఒకరు వద్దన్నారు, ముగ్గురు సరిచేసి తెమ్మన్నారు. మర్నాడు బావకు గోదాము నుంచి ఫోను వచ్చింది. అన్నం డబ్బా కట్టమని అత్తను అడిగాడు, అంతే.

రెండు నెలల తర్వాత ఆ మేనేజరు మమ్మల్ని మళ్లీ రమ్మన్నాడు, అయితే ఆపరేటరు సరేనంటేనే పెట్టెలు ఉంటాయన్నాడు. రెండు రోజులు బావ స్వెటరు వేసుకుని చలి గదుల్లో తిరుగుతూ ప్లగ్గులు పీకుతుంటే, నేను బయట తెర ముందు కూర్చున్నాను. మెమరీ ఒక్క బైటు కూడా తగ్గలేదు. రెండో రోజు ఆయన వచ్చి నా వెనక నిలబడి తెర చూశాడు.

“అంతా మంచిగున్నది. గని, గది నుంచి కబురు రాకుంటె పాత అంకె ఎందుకు చూపాలె? తెల్వకుంటె తెల్వదని చెప్పాలె గద.”

అక్కడే కూర్చుని మార్చాను. కబురు రాకపోతే అంకె పోయి రెండు గీతలు వస్తాయి, గంట మోగుతుంది. తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ అది ఉంది. నేను చేసిన పనులన్నిటిలో దాన్నే గట్టిగా నాదని చెప్పుకుంటాను, నిజానికి అది ఆయనది.

బావ పోయి నాలుగేళ్లయింది. ఇప్పటి భాషలు వాడిన చోటును వాటంతటవే ఖాళీ చేసుకుంటాయి, మెమరీకి కరువు లేదు, అందుకు నాకు సంతోషమే. ఆ రోజులే గొప్పవని అనేదాన్ని కాదు. కానీ అప్పుడు అంకె రాసినవాళ్లూ, అంకె చూసి బతికేవాళ్లూ ఒకే ఇంట్లో అన్నం తిన్నాం. ఇప్పుడు శంషాబాద్ గోదాముల్లో వెలిగే అంకెలు ఏ ఊళ్లో, ఎవరు రాసినవో అక్కడ పనిచేసేవాళ్లకు తెలియదు. అయిదు గంటలుగా అంకె కదలడం లేదని ఒక మనిషికి అనుమానం వస్తే, అతను ఎవరి పక్కన కూర్చుని చెప్పుకుంటాడో నాకు తెలియదు.