కడుపు లేని గొంతు

హిందూపురం బసవరాజుకు ఒకటే పిచ్చి: ఏ యంత్రమూ అనుమతి లేకుండా నోరు విప్పకూడదు. తూనికల శాఖలో కాటాలకు సీళ్లు వేసి రిటైరైన మనిషి. రైల్వే ప్లాట్‌ఫారం మీద మైకులో ఆడగొంతు "దయచేసి వినండి" అనగానే తలెత్తి, "వింటాం గానీ, నువ్వెవరో చెప్పమ్మా! నీకు సీలేసిందెవరు?" అని నిలదీస్తాడు. ఈలోగా ఎక్కాల్సిన రైలు వెళ్లిపోతుంది.

నాకీ నియమాల గోల పడదు. దేశదిమ్మరిని, చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ని. ఒకసారి అన్నాను: "గుర్రాల్లేని బండి ముందు మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని ఇంగ్లండులో చట్టముండేదంట. దానితో బాగుపడిందెవరప్పా?"

"జెండా పట్టుకున్నోడు" అన్నాడు బసవరాజు.

మొన్న వేసవిలో ధర్మవరం నుంచి వెన్నెల ఫోను చేసింది. మా ఇద్దరి స్నేహితుడు, మగ్గం నేసే తిరుపాల్, చనిపోయి ఏడాది. వెన్నెల ఆయన మనవరాలు. అవ్వకు తోడుగా ఉంటుందని తాత పాత వాయిస్ మెసేజీలన్నీ ఏఐకి నేర్పించి, ఆయన గొంతుతో మాట్లాడే పెట్టె ఒకటి ఇంట్లో పెట్టింది.

"అవ్వ బువ్వ తినడంల్యా తాతా. మీరొచ్చి చూడండి."

"వస్తాం గానీ, నువ్వు మనిషివేనా పాపా?" అన్నాడు బసవరాజు.

మిట్టమధ్యాహ్నం వెళ్లాం. బయట ఎండ మండుతోంది, లోపల మాత్రం చల్లగా, మసకగా ఉంది. ఆగిపోయిన మగ్గం కింద గుంటలో చీకటి నిలిచి ఉంది. గడప దాటి బసవరాజు వెన్నెలను పిలిచాడో లేదో, ఎవరో దగ్గారు. తిరుపాల్ దగ్గు. ఆగి ఆగి దగ్గే అదే దగ్గు.

"బసవా, నువ్వేనా? ఎండన పడి వస్తివే" అంది మూలనున్న పెట్టె.

నేను గడప దగ్గరే ఆగిపోయాను. తిరుపాల్ భార్య ఉలిగమ్మ మాత్రం పెట్టె ముందు కొంగు సర్దుకుంది. పళ్లెంలో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి ఆరిపోతున్నాయి.

"నువ్వు తిన్యావా?" అని అడిగింది పెట్టెను.

"ఇంకా లేదుమే. నువ్వు తిను."

"నువ్వు తినందే నేనెట్ల తింటా!" పళ్లెం పక్కకు జరిపింది. మొగుడు తిన్నాకే తినడం పెళ్లినాటి నుంచీ ఆమె అలవాటు. పెట్టె తిన్నానని అబద్ధమాడదు. ఆమె చెంపలు లోతుకు పోయాయి.

"తిన్యానని చెప్పేటట్లు మార్చేద్దునా తాతా?" అని గుసగుసలాడింది వెన్నెల.

"దొంగకాటాకు నేను సీలెయ్యను" అన్నాడు బసవరాజు.

"అయితే ఆపెయ్యండి" అన్నాను.

ఉలిగమ్మ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. "ఆపితే ఇంకోసారి సచ్చిపోతాడన్నా."

"నన్ను ఆపుతాండారా?" అంది పెట్టె, మెల్లగా.

బసవరాజు నుదురు తుడుచుకుని పెట్టె వైపు తిరిగాడు.

"ఆపం. కానీ నియమం వినుకో. నువ్వు తిరుపాల్ కాదు. పాత కథలు చెప్పు, పలకరించు. తిండి మాటొస్తే మటుకు, 'నేను మిషన్ను, నాకు కడుపు లేదు' అని చెప్పల్ల."

"సరే" అంటూ దగ్గింది పెట్టె.

"దగ్గూ బంద్! ఊపిరి లేనోనికి దగ్గేంటికి?"

ఉలిగమ్మ దిక్కుతోచనట్టు చూసింది. "మరి తిన్యావా అని నేనెవరిని అడగల్లన్నా?"

తనిఖీకి పోయిన చోట మంచినీళ్లయినా ముట్టని బసవరాజు పళ్లెం ముందు చతికిలబడ్డాడు. "నన్నడుగమ్మా. ఇంకా తినలేదు. ఆకలి చంపుతాండాది."

ఆయన తిన్నాడు. ఆ తర్వాత చాలాసేపటికి, గోడ వైపు తిరిగి, ఆమె కూడా తింది.

ఇప్పుడు బసవరాజు రోజూ ధర్మవరం రైలెక్కుతున్నాడు. "రోజూ ఏం తనిఖీ అప్పా?" అంటే, "మిషన్లను నమ్మేకి లేదు" అంటాడు. చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

నిన్న నేనూ వెంట వెళ్లాను. "ఇంతకూ నీ నియమం మేలు చేసిందా, చెరుపు చేసిందా?" అని అడిగాను.

"యాడ తేలింది? ఇంకో ముద్ద వెయ్యమ్మా, తనిఖీ కాలేదు."

మూల నుంచి పెట్టె నవ్వింది, అచ్చం తిరుపాల్ నవ్వే. బసవరాజు ముద్ద చేత్తోనే వేలెత్తాడు, ఏదో అనబోయాడు. ఇంతలో ఉలిగమ్మ కూడా నవ్వింది.

ఆయన వేలు దించి, ఊరుబిండిలో ముంచుకున్నాడు.