హీరో నడుముకు తాడు

మా దుబాయ్ సైట్‌లో పరంజా కట్టే జగిత్యాల అన్నకు కొరియా ఫైటింగ్ హీరో ఒకడంటే ప్రాణం. సోనాపూర్ లేబర్ క్యాంపు బస్సు దిగగానే అతనిలాగే మెడను అటూ ఇటూ విరిచేవాడు. ఆ హీరో ఎదిగిన క్రమం మెట్టుమెట్టుగా చెప్పేవాడు: మొదట దెబ్బలు తినే మనిషి, తర్వాత రౌడీ, ఆ తర్వాత పోలీసు, ఇప్పుడు ఒక్క చెంపదెబ్బతో గుంపును పడగొట్టే మొనగాడు.

ఒకరోజు సేఫ్టీ బెల్టులు తక్కువ పడ్డాయి. నెల్లూరు ఫోర్‌మన్ నవ్వుతూ ఈయన్నే పిలిచాడు.

"ఏం హీరో, నీకు బెల్టెందుకయ్యా? యల్లా, ఎక్కు!"

"మా హీరో దూకినా నడుముకు తాడుంటది సార్. సినిమాల అది కనవడకుంట చెరిపేస్తరు. బెల్టియ్యి, ఎక్కుత."

"ఎక్కవా? అయితే నీ పని ఖలాస్. రేపట్నుంచి రావాకు."

నేను ప్లానింగ్ ఇంజనీర్‌ని. బెల్టు లేకుండా మనిషిని ఎక్కించకూడదని అడ్డుపడ్డాను.

"మీరు డ్రాయింగులు చూసుకోండి సార్," అన్నాడు ఫోర్‌మన్.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్న మాత్రం ఎవరినీ కొట్టలేదు, బతిమాలలేదు. హెల్మెట్ తీసి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టి, తలెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే ఆయన చోట ఇంకొకరిని ఎక్కించారు, బెల్టు లేకుండానే. ఆ కంపెనీకి మనిషి దొరికినంత తొందరగా బెల్టు దొరకదు.