తూము దగ్గర పైపు పాఠం

1974 యాసంగిలో నీటిపారుదల శాఖ బాన్సువాడ సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వచ్చాను. కోటగిరి వైపు పోయే ఒక ఉపకాలువ నా బాధ్యత. నీళ్లు తక్కువైతే వంతు పెట్టేవాళ్లం: నాలుగు రోజులు పై పొలాలకు, నాలుగు రోజులు చివరి పొలాలకు. వంతు మారే రోజు ఇంజనీరు స్వయంగా పై పొలాల తూము తలుపు దించించి, గంట ఆగి, దిగువనున్న గేజీరాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో సంతకం చేయాలి. తలుపు దించేది లష్కరు, అంటే కాలువ కావలిదారు. నా లష్కరు ఖాసిం మా నాన్న వయసువాడు, ఇంకా పర్మనెంటు కాలేదు.

మా సబ్‌డివిజన్ అధికారి పైపు కాల్చేవారు. ఆయన పైపు నోట పెట్టుకుంటే రైతుల గోల ఆగిపోయేది. నన్ను మాత్రం ‘చిన్న సారు’ అనేవాళ్లు. కాలేజీ రోజుల్లో చర్చావేదికలెక్కి, ఆధారం లేనిదే ఏదీ నమ్మరాదని వాదించినవాణ్ణి. అయినా అధికారం ఆ పైపులోనే ఉందని నమ్మి, హైదరాబాదులో ఒకటి కొన్నాను. వారమంతా అగ్గిపుల్లలు అయిపోయాయి, నాలుక కాలింది, పైపు మాత్రం నిలకడగా వెలగలేదు.

వంతు మారే రోజు తలుపు దించించి, గంట గడవడం కోసం తూము దగ్గర ఆగినప్పుడు నా అవస్థ వెంకట్రావు చూశాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పై పొలాల రైతు, మాజీ సైనికుడు.

“పొగాకు అంత గట్టిగా కూరితే ఎలాగండీ? అడుగున వదులుగా, పైన కాస్త అదిమి పెట్టాలి. మొదట ముట్టించింది ఆరిపోతుంది, పోనివ్వండి. పైన అదిమి మళ్లీ ముట్టించండి. వేడి టీ తాగినట్టు లాగాలి, జుర్రకూడదు.”

తన గుడిసెలో కూర్చోబెట్టి నేర్పాడు. మొదటిసారి పైపు నిలకడగా వెలిగింది. అప్పుడే ఖాసిం పుస్తకం పట్టుకొచ్చాడు.

“సాబ్, తలుపు మొత్తం దిగినట్టు లేదు. గేజీ ఒక్కసారి చూడుండ్రి.”

లేస్తే పైపు ఆరిపోతుందనిపించింది. వంతు మారాక ఎప్పుడూ ఉండే నిండు మట్టమే రాయమని చెప్పి, అక్కడే సంతకం చేశాను.

మూడోనాడు చివరి పొలాల సాయవ్వ ఆఫీసుకొచ్చింది. ఆమె వరి పొట్ట మీదుంది. ఆ దశలో తడి లేకపోతే గింజ పట్టదు. నా నోట్లోని పైపు చూసి అంది: “పొగ మంచిగనే వస్తుంది సారూ, నీళ్లే వస్తలేవు.”

వెళ్లి చూస్తే తలుపు కింద బండరాయి, ఆ సందులోంచి నీళ్లు పై పొలాలకే పోతున్నాయి. ఎవరు పెట్టారో తేలలేదు. వెంకట్రావు కావాలనే నన్ను కూర్చోబెట్టాడని కొందరన్నారు. ఆధారం లేదు కనుక నేను అనను.

అధికారి పుస్తకం తెప్పించారు. అందులో నిండు మట్టం, ఖాసిం చేతిరాత. దొంగలెక్క రాశాడని అతణ్ణి తీసేయమని కాగితం సిద్ధమైంది. గేజీ చూడకుండా ఆ మట్టం రాయమన్నది నేనేనని, అతను ముందే హెచ్చరించాడని రాసిచ్చాను. ఖాసిం ఉద్యోగం నిలిచింది. మెమో నాకొచ్చింది. సాయవ్వ పొలంలో సగమే పండింది. నా వాంగ్మూలం దానికి పనికిరాలేదు.

ఆధారం అడగడం వేదిక మీద సులువు. కష్టమల్లా లేచి వెళ్లి చూడటమే. పైపు మానలేదు, తప్పు పొగాకుది కాదు. రిటైరయ్యే దాకా గేజీ చూశాకే ముట్టించాను.