అనెగ్రెట్ గెలిచిన వసంతం

మా అనెగ్రెట్ హోల్ట్‌కాంప్ టేబుల్ టెన్నిస్ బల్లకు బాగా వెనక నిలబడి ఆడేది. అవతలివాళ్లు ఎంత బాదినా వంగి, బ్యాటుతో కింద కోసినట్టు కొట్టి, బంతిని మళ్లీ వాళ్ల ముందే పడేసేది. విసుగెత్తి వాళ్లే తప్పు చేసేవాళ్లు. జర్మనీలో, మ్యూన్‌స్టర్‌లాండ్‌లోని మా చిన్న ఊరి క్లబ్బు అన్నేళ్లు ప్రాంతీయ లీగులో నిలిచిందంటే ఆవిడ చలవే. పక్క బల్ల మీద ఓడిపోతూ ఉండే నాకు తెలియదా?

ఆమె బలమంతా బ్యాటుకు ఒకవైపు అంటించిన నున్నటి బొడిపెల రబ్బరులో ఉండేది. ఎదుటివాళ్ల స్పిన్‌ను అది వాళ్లకే తిప్పికొట్టేది. ఒక ఏడాది ఆట సంఘం పైవాళ్లు అలాంటి నునుపు రబ్బర్లను నిషేధించారు. వాళ్ల నోట్లో మన్ను! కొత్త గరుకు రబ్బరుతో ఆమె బంతి పైకి లేచేది, ఎదుటి పిల్లలు చితక్కొట్టేవారు. చలికాలమంతా ఓటములే.

"నా వల్ల జట్టు కింది లీగుకు పడిపోతే ఈ ఊళ్లో తలెత్తుకోలేనే రోజ్‌వితా," అని బట్టలు మార్చుకునే గదిలో నా దగ్గర ఏడ్చింది.

వసంతంలో ఆట తిరిగింది. "చేతికి అలవాటైందే!" అని మురిసిపోయింది. మేమూ నమ్మాం. ఆమె భర్త డెట్లెఫ్ మాత్రం చప్పట్లు కొట్టకుండా చేతులు నలుపుకుంటూ కూర్చునేవాడు. అదంతా కంగారనుకున్నాను.

చివరి పోటీ గెలిస్తే లీగులో ఉంటాం. అనెగ్రెట్‌కు ఎదురుపడింది హైడ్రున్, చిన్నప్పటి స్నేహితురాలు. ఆటకు ముందు ఒకరి బ్యాటు ఒకరు చూసుకోవడం మాలో మామూలే. హైడ్రున్ బొటనవేలితో రబ్బరు రుద్దింది. మళ్లీ రుద్దింది. అనెగ్రెట్ ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది. ఆడింది, ఓడింది. మా జట్టు బతికిపోయింది.

బీరు, బంగాళాదుంప సలాడు ముందేసుకుని సంబరపడుతుంటే హైడ్రున్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లు ఎండబెట్టావే?"

"దేన్ని?"

"రబ్బరునే. ఎండకు పెడితే నున్నబడుతుందని ఎవరికి తెలీదు? నా దగ్గరా నీ నాటకాలు!"

అనెగ్రెట్ నవ్వబోయి భర్త వైపు చూసింది. డెట్లెఫ్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"నువ్వేడుస్తుంటే చూడలేకపోయాను," అన్నాడు. "కిటికీలో ఎండబెట్టి మళ్లీ అంటించాను. చెప్తే ఒప్పుకోవుగా."

నాకు ఒళ్లు మండింది. "మరి ఆటకు ముందే అడగడానికి నీకు నోరు లేదా?" అని హైడ్రున్ మీద విరుచుకుపడ్డాను.

"అందరి ముందూ దాని పరువెలా తియ్యనే? తెలిసే చేసిందనుకున్నా. పోనీలే, ఇంకెన్నాళ్లు ఆడుతుందిలే అని ఊరుకున్నా."

జాలిపడి ఓడిందన్నమాట! అనెగ్రెట్ లేచి రెండు జట్ల కెప్టెన్ల దగ్గరికి వెళ్లింది. "ఆ గెలుపు నాది కాదు, కొట్టేయండి," అంది. కొట్టేశారు. మేం కింది లీగుకు పడిపోయాం. ఊళ్లో ఒక్కరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు.

ఆ తర్వాత ఆమె మళ్లీ బ్యాటు పట్టలేదు. ఆకులు రాలే రోజుల్లో వాళ్లింటికి వెళ్లి బతిమాలాను. డెట్లెఫ్ మాకు కాఫీ పోస్తున్నాడు.

"కింది లీగైతేనేం, రావే తల్లీ. ఓడితే ఓడదాం."

"ఓటమికి భయపడ్డానా రోజ్‌వితా? చలికాలమంతా ఓడుతూనే ఆడాను కదే," అంది భర్త వైపు చూడకుండా. "నన్నలా ఓడనిచ్చుంటే ఇవాళ్టికీ ఆడుతుండేదాన్ని."