చివరి రొయ్యల కుడుము

మ్యూఫాన్‌ది పుట్టు అనుమానం. చేపలవాడు తూచి ఇచ్చిన చేపను ఇంటికొచ్చి మళ్ళీ తూస్తుంది. హోటల్లో మా చైనావాళ్ళ అలవాటుగా మేమంతా గిన్నెలు, కప్పులు మొదటి వేడి టీతో ఒకసారి కడుక్కుంటే, ఆమె రెండుసార్లు కడుగుతుంది. నేనూ, ఆమే, పుయ్‌కింగ్ టొరంటోలోని కుట్టు ఫ్యాక్టరీలో పక్కపక్కనే కూర్చుని చొక్కా కాలర్లు కుట్టినవాళ్ళం. ఆ రోజుల్లో సూపర్‌వైజరు నవ్వినా, ఎందుకు నవ్వాడో తేలేదాకా ఆమెకు అన్నం సహించేది కాదు. భర్త పోయాక ఆ గుణం ఇంకా ముదిరింది. ఒక్కగానొక్క కూతురు మేవిస్ ఫోన్లో మాట్లాడుతుంటే, గది తలుపు దగ్గర చెప్పులు సర్దే నెపంతో నిలబడుతుంది.

ప్రతి ఆదివారం మేం ముగ్గురం వెళ్ళే పాత హోటల్ మూతపడింది. అందుకని పుయ్‌కింగ్ మమ్మల్ని స్కార్‌బరోలో కొత్తగా తెరిచిన చోటికి తీసుకెళ్ళింది. వంట సగం చైనాది, సగం జపాన్‌ది, మధ్యలో కలిపింది ఏ దేశానిదో వండేవాడికే తెలియాలి. చెవులు చిల్లులు పడే పాటలు, తలుపు దాకా జనం. ఇక్కడ అన్నీ పంచుకుని తినాలని వెయిటరు పిల్ల మాకు నేర్పబోయింది. మేమెప్పుడు పంచుకోకుండా తిన్నామని నాకు ఒళ్ళు మండింది. టీ అయిపోయింది, మళ్ళీ నింపమనే గుర్తుగా కెటిల్ మూత పక్కకు జరిపితే, ఆ పిల్ల దాన్ని శుభ్రంగా మూసి వెళ్ళిపోయింది. కప్పులు కడిగిన టీ పారబోసే పాత్ర కూడా లేదు. మ్యూఫాన్ దాన్ని పక్కనున్న మొక్క కుండీలో పోసింది.

ఆ రోజు పుయ్‌కింగ్ మొదటి టీ మ్యూఫాన్‌కే పోసింది. చేప వచ్చాక బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తీసి ఆమె గిన్నెలోనే వేసింది. మ్యూఫాన్ దాన్ని తినలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, చేప తాజాదేనా అని నన్నడిగింది.

తర్వాత రొయ్యల కుడుములు వచ్చాయి. ప్లేటుకు నాలుగు, మేం ముగ్గురం. ఆ మిగిలిన ఒక్కదాని కోసం వీళ్ళిద్దరూ కొట్టుకోని ఆదివారం లేదు. చాప్‌స్టిక్స్‌తో ఒకరినొకరు అడ్డుకుని, ఫ్యాక్టరీ నాటి తిట్లన్నీ తిట్టుకుంటే తప్ప అది ఎవరి నోట్లోకీ పోదు. అలాంటిది, పుయ్‌కింగ్ వడ్డించడానికి విడిగా పెట్టిన పుల్లలు తీసుకుని, ఆ కుడుమును మ్యూఫాన్ గిన్నెలో పెట్టింది.

మ్యూఫాన్ ముఖం పాలిపోయింది. అంత మర్యాద మేం పరాయివాళ్ళకే చేస్తాం. డాక్టరేమైనా చెప్పాడా, మాజాంగ్ ఆటలో తన చోటికి ఇంకెవరినైనా చూశారా అని ఆరా తీసింది. పుయ్‌కింగ్ అబ్బే అంటూ నా వైపు చూసింది. నేను కప్పులోకి చూశాను.

"నన్ను వదిలించుకుంటున్నారు కదే. మొహం మీదే చెప్పండి, లేచిపోతాను."

మేవిస్ తర్వాత ఆమెకు ఉన్నది మేమిద్దరమే.

పుయ్‌కింగ్ ఇక దాచలేకపోయింది. "మా అబ్బాయి హ్యూబర్ట్, మీ మేవిస్ పెళ్ళి చేసుకుంటారటే. కాబోయే వియ్యపురాలి నోటి దగ్గరిది లాక్కుంటే ఏం బాగుంటుంది?"

మ్యూఫాన్ నవ్వలేదు. ఎన్నాళ్ళ నుంచని అడిగింది. ఏడాది దాటిందని పుయ్‌కింగ్ నసిగింది. నాకూ తెలుసని నా ముఖమే చెప్పింది.

"మరి మేవిస్ నాకెందుకు చెప్పలేదు?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నువ్వంటే భయమే దానికి. తెలిస్తే ఆ పిల్లాడి పళ్ళు కూడా లెక్కపెడతావని."

మ్యూఫాన్ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తలుపు దగ్గర అన్నేళ్ళు చెవులు రిక్కించిన మనిషికి, తన ఇంటి సంగతి అందరికన్నా ఆఖరున తెలిసింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, గిన్నెలోని కుడుమును తీసి ప్లేటు మధ్యలో పెట్టింది.

"హ్యూబర్ట్‌ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది నేనే. వాణ్ణి నేనేం అడుగుతాను? కానీ నాకు వియ్యపురాలొద్దే, నువ్వు కావాలి. ఊఁ, తియ్యి చూద్దాం."

పుయ్‌కింగ్ తటపటాయిస్తూనే పుల్లలు చాచింది. మ్యూఫాన్ టక్కున కొట్టింది. ఆ పెనుగులాటలో కుడుము చిరిగి రొయ్య బల్ల మీద పడింది. దొంగముండా అని పుయ్‌కింగ్ తిట్టాక గానీ మ్యూఫాన్ ముఖంలోకి రంగు రాలేదు.

లేచేటప్పుడు మ్యూఫాన్ మేవిస్ కోసం ఒక ప్లేటు కుడుములు పార్శిల్ కట్టించింది.

"ఇవాళ తలుపు తట్టి లోపలికెళ్తాను," అంది నాతో.