ఆదివారాలు కడిగిన చాప

మా అమ్మాయి పోయిందని ఏలూరు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేటప్పటికి నేను ఇంట్లో దాని కోసం జావ కాస్తున్నాను. అయిదు రోజుల జ్వరం. ఆ పూట కాస్త తెలివిగా ఉందని, బట్టలు తెచ్చుకుందామని ఊరికి వచ్చాను. పొయ్యి ఆపానో లేదో కూడా గుర్తు లేదు. ముప్పై రెండేళ్ళ పిల్ల.

నేను అయిదో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే మీరే సరిచేసుకుని చదువుకోండి. దాని గురించి మైకులో వాళ్ళు చెప్పిందే మిగిలిపోతుందేమోనని రాస్తున్నాను.

అమ్మాయి అన్ని మతాల వాళ్ళనీ కలిపి కూర్చోబెట్టేదని తెలిసిన ఏలూరు పెద్దమనుషులు, దినం అయిపోయాక ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. గుమ్మంలో ఫ్లెక్సీ. అందులో అమ్మాయి ఫొటో తపాలా బిళ్ళంత, దణ్ణాలు పెడుతున్న పెద్దమనుషుల ఫొటోలు నిలువెత్తు. ముందు సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. అన్ని మతాల వాళ్ళనీ స్టేజీ మీద వరసగా కూర్చోబెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన దాని పేరు తప్పు చెప్పాడు. పక్కాయన అందిస్తే రెండోసారీ తప్పే చెప్పాడు. ఇంకొకాయన, "ఆ అమ్మాయి మనసులో మా దేవుణ్ణే నమ్ముకుందండీ, నాకు తెలుసు" అన్నాడు. వెంటనే మరొకాయన లేచి, "అదేం మాటండీ, ఆవిడ మా ఇంటి ఆడపడుచు" అన్నాడు. పోయిన పిల్లని వేలంలో చేపలబుట్టలాగా అటొకరు ఇటొకరు లాగారు. నా భుజాల మీద శాలువా కప్పారు. ఫొటో సరిగా రాలేదని తీసి మళ్ళీ కప్పారు. ఛీ. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు మొహం కడుక్కున్నాను. కడగడం నాకు అలవాటే, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా ఆయన పోయాక మేమిద్దరమే. అది రోజూ దెందులూరు నుంచి బస్సెక్కి ఏలూరులో వినికిడి మిషన్ల షాపుకి వెళ్ళేది. ముసలివాళ్ళ చెవులకి మిషను బిగించి, "వినబడుతోందా తాతగారూ?" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేది. "చెవుడున్నవాళ్ళతో పేచీ లేదమ్మా, బిగిస్తే వింటారు. చెవులు బాగున్నవాళ్ళకి ఏం బిగించాలో తెలియట్లేదు" అనేది.

షాపులో ఒకే బెంచీ మీద గంటసేపు కూర్చుని కూడా పక్కవాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడని జనాన్ని చూసి దానికా బుద్ధి పుట్టింది. నెలకి రెండు ఆదివారాలు, మధ్యాహ్నం మూడింటికి, మా వసారాలో తుంగచాప పరిచి ఆరుగుర్ని కూర్చోబెట్టేది. భీమడోలు నుంచి ఒకరు, గూడెం టౌను నుంచి ఒకరు, కొల్లేటి వైపు నుంచి ఒకరు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు. వాళ్ళలో వాళ్ళకి పరిచయం ఉండకూడదు. కుర్చీల్లేవు, మైకు లేదు. ఒకటే కట్టుబాటు. అవతలివాళ్ళు చెప్పింది ముందు మనం తిరిగి చెప్పాలి. వాళ్ళు "అదేనండి" అన్నాకే మన మాట.

ఇంట్లో నాకూ అదే కట్టుబాటు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, "అయితే నువ్వే వండుకో" అనేదాన్ని. "నేనన్నది అది కాదుగా అమ్మా, తిరిగి చెప్పు" అని పళ్ళెం పట్టుకుని నవ్వేది.

ఒక ఆదివారం ఏలూరులో బట్టలు కుట్టే ముస్లిం పెద్దాయనా, గూడెంలో బియ్యం మిల్లు గుమాస్తాగా చేసి మానేసిన ఆయనా ఎదురెదురుగా కూర్చున్నారు. తన మనవడికి అద్దెగది దొరకని సంగతి చెప్పాడు టైలరు.

"అంటే గదులు ఖాళీ లేవంటారు" అన్నాడు గుమాస్తా.

"కాదండి."

"మీకు కోపం వచ్చిందంటారు."

"అదీ కాదండి."

గుమాస్తా ఈసారి, "పేరు చెప్పేదాకా గది ఉందండి. పేరు చెప్పాక లేదు" అన్నాడు.

"అదేనండి."

గుమాస్తాయే మళ్ళీ, "ఏవండీ, మా మేడమీద గది కోసం వచ్చిన ఒకబ్బాయికి నేనూ అలాగే చెప్పానండి" అన్నాడు. టైలరు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "ఆ అబ్బాయి మా మనవడు కాకపోతే చాలండీ" అన్నాడు. అందరూ నవ్వేశారు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిన నేనూ నవ్వాను.

ఆ చాప మీద ఎప్పుడూ గుమ్మానికి దగ్గరగా ఒక చివర కూర్చునే ఆవిడ ఉంది. మా ఊరి దళితుల పేటలోనే ఇల్లు, చర్చికి వెళుతుంది, నా వయసే. కొల్లేటి పక్క చెరువుల మీద చేపలు ఏరి ఐసుపెట్టెల్లో సర్దే పని. మిగతావాళ్ళు ప్రతిసారీ మారేవారు. ఆవిడని మాత్రం అమ్మాయి మానకుండా పిలిచేది. ఎందుకో నాకు తెలిసేది కాదు.

వాళ్ళు వెళ్ళాక నేను చాప కడిగేదాన్ని. చాపంతా కాదు. ఆ చివర. పెరట్లో పరిచి, సర్ఫు చల్లి, బకెట్టెడు నీళ్ళు పోసి. చేపల వాసన అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మా ఇంట్లో వారానికి రెండుసార్లు చేపల పులుసు. పొలుసు నా చేత్తో నేనే గీకుతాను, గోళ్ళ సందుల్లోకి పోతుంది. ఆ గోళ్ళతోనే అన్నం కలుపుకుంటాను. అప్పుడు పుట్టని రోత ఆవిడ కూర్చున్న చోటు చూస్తే పుట్టేది. సభలో ఆ పెద్దమనుషుల్ని చూసి అసహ్యించుకున్నానే, వాళ్ళకీ నాకూ తేడా ఏముంది? వాళ్ళు మైకు ముందు చేశారు, నేను పెరట్లో చేశాను. తలుచుకుంటే నా చేతులంటే నాకే కంపరం.

అమ్మాయి ఒకసారి చూసింది. అరుస్తుందనుకున్నాను. చాప అంచు వేళ్ళతో నొక్కి చూసి, "తుంగ నీళ్ళకి కుళ్ళిపోతుందమ్మా" అంది. అంతే. తనే ఎత్తి గోడమీద ఎండకి వేసింది. కొత్తది కొంటానంటే వద్దంది.

సభ అయిన తర్వాతి ఆదివారం, సరిగ్గా మూడింటికి ఆవిడ వచ్చింది. ఒక్కతే. దినానికి రాలేదేం అని అడిగితే, "అంత జనంలో నేనెందుకులెండి అమ్మగారూ" అంది. చాప పరిచాను. ఇద్దరం కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తెలియక ఉన్నది చెప్పేశాను. నువ్వు వెళ్ళాక ఆ చోటు కడిగేదాన్ని, ప్రతిసారీ, అని.

ఆవిడ కళ్ళు దించలేదు. కట్టుబాటు ప్రకారం తిరిగి చెప్పింది. "చేపల వాసనకి మీరు చాప కడిగారు."

"వాసనకి కాదు" అన్నాను.

"నేను కూర్చున్నానని కడిగారు."

"అదేనండి."

ఇక ఆవిడ వంతు. "నాకు తెలుసండి. నేను కూర్చునే చోట ఎప్పుడూ సర్ఫు వాసన వచ్చేది. ఇంక రానమ్మా అని మీ అమ్మాయితో అనేశాను. నా చేతులు పట్టుకుని, 'మా అమ్మ కడగడం మానేస్తుంది పిన్నిగారూ. మానేసిన రోజు నేనే మీ ఇంటికొచ్చి చెబుతాను, అందాకా రండి' అంది. ఆ మాట మీద వచ్చానండి. చెబుతుందని చూశాను. చెప్పకుండానే పోయింది."

నేను తిరిగి చెప్పాలి. "నా కూతురు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు. "పర్లేదండి, మళ్ళీ వారం వస్తాను" అంది.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు వచ్చింది. రోజూ అంట్లు తోముకుంటూ చెప్పి చూసుకుంటాను. నా కూతురు నేను మారతానని చూస్తూ చూస్తూ పోయింది. ఇక్కడ రాయగలిగాను. రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదు. ఆవిడ ఎదురుగా చెప్పాలి, ఆవిడ అదేనండి అనాలి.

మూడు కావస్తోంది. చాప పరిచాను. ఆ చివర తుంగ నల్లబడి, పుల్లలు విడిపోయాయి. గోడవార బాగున్న చోటు ఎంత చూపించినా ఆవిడ అక్కడే కూర్చుంటుంది. ఊడొచ్చిన పుల్లల్ని వేలితో ఒక్కొక్కటే లోపలికి దోపుతూ, నా నోటివంక చూస్తూ ఉంటుంది.