మూడోసారి అడిగితేనే పలికే కంప్యూటర్

ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఒక పిచ్చి ఉంది. ఎవరికీ అర్థంకాని, దేనికీ పనికిరాని కంప్యూటర్ భాషల్ని పనిగట్టుకుని తయారుచేస్తారు. ఖాళీ జాగాలతో మాత్రమే రాసేది ఒకటి, వంటల పుస్తకంలా ఉండేది ఇంకొకటి. రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసువాళ్ళు ఒక శుక్రవారం వీటి మీదే పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళ శనివారం డ్యూటీ మేనేజరే చేస్తాడట.

నాకది కావాలి. ఆ శనివారమే లిటిల్ ఇండియాలో మా అమ్మాయి మొదటిసారి స్టేజి ఎక్కి కూచిపూడి ఆడబోతోంది. డ్యూటీ చార్టులో చూస్తే నా పేరే ఏడ్చింది. రోజంతా ఆఫీసులోనే కూర్చోవాలి. మార్చుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.

కసికొద్దీ కూర్చుని ఒక భాష తయారుచేశాను. పేరు మొహమాటం. రెండూ రెండూ ఎంతని అడిగితే కంప్యూటర్, "అబ్బే, ఇప్పుడెందుకండీ" అంటుంది. మళ్ళీ అడిగితే, "నిజంగా వద్దండీ, ఇంట్లో తినే వచ్చాను" అంటుంది. మూడోసారి బలవంతపెడితే, "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని నసుగుతూ నాలుగు అని చెబుతుంది. దాన్ని ఆపడం ఇంకో తద్దినం. వెళ్ళొస్తానంటుంది, వెళ్ళదు. గుమ్మం దగ్గర నిలబడి పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మాట్లాడి, బొట్టు పెట్టించుకుంటే గాని కదలదు.

మా ఆయన చూసి, "అచ్చం మీ పిన్నే" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ, నిజమే.

పోటీలో దాన్ని ఇంగ్లీషులో మాట్లాడించాను. నవ్వడం ఎరగని మా చైనీస్ మేనేజర్ కూడా, కంప్యూటర్ గుమ్మం దగ్గరి కబుర్లు మొదలెట్టేసరికి నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

"నువ్వే గెలిచావు లా. రేపు నీ డ్యూటీ నేను చేస్తాను" అన్నాడాయన, ఈ ఊరి అలవాటుగా మాట చివర లా తగిలిస్తూ.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ. పర్లేదు, నేనే చేసుకుంటాను" అన్నాను.

"ఓ, థాంక్యూ లా" అని ఆయన సంతోషంగా మకాన్‌కి, అదే భోజనానికి, వెళ్ళిపోయాడు. భోజనం ఎక్కడికి పోతుంది, ఇంకోమాటు అడిగి వెళ్ళొచ్చుగా. నేను నవ్వు మొహం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్‌కి వచ్చి జరిగింది చెప్పాను. గజ్జెలు సర్దుకుంటున్న మా అమ్మాయి తలెత్తి చూసింది.

"రావాలని ఉంటే నో అని ఎందుకన్నావ్ అమ్మా? వై లా?"

"ఒక్కసారే అడిగాడే తల్లీ" అన్నాను.